పలుకు పాస్తా, పచ్చ చుక్క, బిల్లు: పిల్లలతో ఇటాలియన్ రెస్టారెంట్‌కు వెళ్లే ముందు



యూనిట్ టెస్టులు అయిపోయిన శనివారం సాయంత్రం పిల్లలు బయటికి తీసుకెళ్లమని అడగడం మామూలే. ఇదివరకు బిర్యానీ అడిగేవారు, తర్వాత పిజ్జా అడిగారు. ఇప్పుడు "డెలివరీ పిజ్జా కాదు నాన్నా, నిజం ఇటాలియన్ రెస్టారెంట్‌కి వెళ్దాం" అంటున్నారు. హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఇలాంటివి చాలా కనిపిస్తాయి. వీటిలో చాలావరకు స్టార్ హోటళ్లు కావు. ప్రత్యేకంగా తయారై వెళ్లాల్సిన పని ఉండదు, కుటుంబంతో కూర్చుని గంటా గంటన్నరలో తినేసి రావచ్చు. ఇటలీలో ఇలాంటి ఇంటి తరహా భోజనశాలను త్రత్తోరియా అంటారు. పిజ్జాయే ప్రధానమైతే అది పిజ్జేరియా.

అయితే మెనూ చేతికి రాగానే చాలామంది పెద్దవాళ్లు కాస్త వెనక్కి తగ్గుతారు. పేర్లు తెలియవు, అడిగితే ఏమనుకుంటారోనని ఒక సంకోచం. దాంతో "నీకు తెలిసింది చెప్పేయ్ రా" అని మెనూ పిల్లల వైపు జరుపుతారు. పిల్లలు ఆర్డర్ ఇవ్వడం మంచిదే, దాని గురించి తర్వాత చెప్తాను. కానీ ప్లేటులో ఏముందో తెలుసుకునే బాధ్యత మాత్రం పెద్దవాళ్లదే. శాకాహార కుటుంబాలకూ, అలర్జీ ఉన్న పిల్లలకూ ఇది మరీ ముఖ్యం.

పేర్లు చూసి బెదరకండి

తెలుగును పాశ్చాత్యులు ప్రాచ్య ఇటాలియన్ అన్నారని మీరు వినే ఉంటారు. కారణం సులువు. మన మాటల్లాగే ఇటాలియన్ మాటలూ దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. పాస్తా, రిసోత్తో, పెస్తో, పన్నా కోత్తా, ఏ పేరు తీసుకున్నా అంతే. వాళ్ల ఒత్తులు కూడా మన ఒత్తుల్లాగే నిలిచి పలుకుతాయి. అందుకే ఈ పేర్లను ఇంగ్లిష్ లిపిలో చూసి తడబడేకన్నా తెలుగులో రాసుకుని చదివితే అసలు ఉచ్చారణకు దగ్గరవుతాం. మీ పిల్లలకు ఇది మంచి ఆట. ఇంట్లోనే మెనూ ఫోన్‌లో తెరిచి, పేర్లన్నీ తెలుగులో రాయమనండి.

ఒకటి రెండు సూత్రాలు తెలిస్తే చాలు. ఇటాలియన్‌లో సి, హెచ్ కలిసి వస్తే అది 'చ' కాదు, 'క'. కాల్చిన రొట్టె ముక్కల మీద టమాటా, తులసి జాతికే చెందిన బేసిల్ ఆకు వేసి ఇచ్చేది బ్రుస్కెత్తా. దాన్ని 'బ్రుషెట్టా' అనడం మన నగరంలో మామూలైపోయింది. జి, ఎన్ కలిస్తే మన అక్షరమాలలో పెద్దగా పని లేకుండా కూర్చున్న 'ఞ' శబ్దం వస్తుంది. బంగాళాదుంప, పిండి కలిపి చేసే చిన్న ఉండలు ఞోక్కి. ఇంగ్లిష్ మీడియం పిల్లలు తరచూ మర్చిపోయే ఆ అక్షరానికి ఇక్కడ ఉద్యోగం దొరికింది.

పేరును బట్టి మోసపోయే సందర్భాలూ ఉన్నాయి. ఇటాలియన్‌లో పెపెరోని అంటే కాప్సికమ్. కానీ పిజ్జా మీద వేసే పెప్పరోని అమెరికాలో స్థిరపడిన ఇటాలియన్ల వంటకం. అది పంది మాంసంతో, లేదా పంది, గొడ్డు మాంసాలు కలిపి చేసే సాసేజ్. మన దగ్గర చికెన్‌తో చేసేవీ ఉన్నాయి కాబట్టి ఏ మాంసమో అడిగి తెలుసుకోవాలి. కార్బొనారా అంటే అసలు పద్ధతిలో పంది మాంసం, గుడ్డు, చీజ్. బొలొన్యేజ్ అంటే ఖీమా సాస్. ఇటలీలో దానికి గొడ్డు మాంసం లేదా పంది మాంసం వాడతారు, ఇక్కడ చాలాచోట్ల చికెన్‌తోనో మటన్‌తోనో చేస్తారు.

ఇక పిల్లలకు బాగా ఇష్టమైన ఆల్ఫ్రెడో. రోమ్‌లో 20వ శతాబ్దం మొదట్లో అల్ఫ్రెడో ది లెలియో అనే ఆయన వెన్న, పర్మిజానో చీజ్ మాత్రమే వేసి ఈ పాస్తాను చేసేవారు. అందులో క్రీమ్ లేదు. క్రీమ్ పోసి చిక్కగా చేయడం అమెరికాలో మొదలై ఇక్కడికి వచ్చింది. సీజర్ సలాడ్ కూడా ఇటలీది కాదు, మెక్సికోలోని తిహువానాలో పుట్టింది. దాని సంగతి కింద మళ్లీ వస్తుంది.

'సరిగా ఉడకలేదు' అనే ముందు

ఇటాలియన్ వంటలో తరచూ వినిపించే మాట 'అల్ దెంతే'. అక్షరాలా చెప్పాలంటే 'పంటికి' అని. పాస్తా మెత్తగా చితికిపోకుండా, లోపల ఇంకా కాస్త బిరుసు ఉండగానే దించేయాలన్నమాట. దీనికి ఇంగ్లిష్‌లో ఒక్క మాట లేదు కానీ తెలుగులో ఉంది, పలుకు. పులిహోరకు అన్నం పలుకుగా వండాలని మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. మెత్తబడితే పోపు, పులుసు పట్టి ముద్దయిపోతుంది. పాస్తాకూ అదే లెక్క. దించాక కూడా సాస్‌లో వేడికి ఇంకా ఉడుకుతుంది కాబట్టి ముందే ఆపుతారు. మంచి పాస్తాను దురుమ్ అనే గట్టి రకం గోధుమ రవ్వతో చేస్తారు. అందుకే అది ఆకారం నిలుపుకుంటుంది. మైదాతో చేసిన పాస్తా తొందరగా జిగురుగా మారుతుంది.

రిసోత్తో విషయంలో మనవాళ్లు ఎక్కువగా తికమకపడతారు. అది అన్నమే. అర్బోరియో లాంటి పొట్టి బియ్యాన్ని వెన్నలో వేయించి, వేడి వేడి స్టాకు గరిటెలు గరిటెలుగా పోస్తూ కలుపుతూ ఉడికిస్తారు. బియ్యం వదిలే గంజితోనే అది చిక్కబడుతుంది. చూడ్డానికి పొంగలిలా జారుగా ఉంటుంది, గింజలో మాత్రం పలుకు మిగులుతుంది. ప్లేటు రాగానే మన చెయ్యి ఉప్పు సీసా వైపు వెళ్తుంది. పర్మిజానో చీజ్‌లోనే ఉప్పు ఎక్కువ కాబట్టి రెండు చెంచాలు తిన్నాక చూడండి. పిల్లలకు మెత్తగా కావాలనిపిస్తే ఆర్డర్ ఇచ్చేటప్పుడే "కొంచెం ఎక్కువ ఉడికించండి" అని చెప్పండి. చేసి ఇస్తారు, అందులో నామోషీ లేదు.

నేపుల్స్ పద్ధతి పిజ్జా కూడా ఇలాంటి అపోహలకు గురవుతుంది. కట్టెల పొయ్యిలో విపరీతమైన వేడి మీద 60 నుంచి 90 సెకన్లలో అది కాలిపోతుంది. అంచుల మీద నల్లటి మచ్చలు పడతాయి, మధ్యలో మెత్తగా, కొంచెం తడిగా ఉంటుంది. అది మాడిపోయినట్టూ కాదు, పచ్చిగా ఉన్నట్టూ కాదు. ఈ పిజ్జా చేసే విద్యను 2017లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇటలీలో ఒక్కో మనిషి ఒక్కో పిజ్జా తీసుకుని కత్తి, ఫోర్కుతో తింటారు. మధ్యలో పెట్టుకుని పంచుకోవడం మన పద్ధతి. నాకైతే మన పద్ధతే బాగుంటుంది, నాలుగు రుచులు చూడొచ్చు.

చప్పగా ఉంటుందని భయపడే అమ్మమ్మలు, తాతయ్యలు వెంట వస్తే వాళ్లకు రెండు వంటలు చెప్పండి. ఆల్యో ఎ ఓల్యో అంటే వెల్లుల్లి, ఆలివ్ నూనె. నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి వేయించి పాస్తాకు పట్టిస్తారు. ఆవాలు, కరివేపాకు లేని పోపు అనుకోండి. రెండోది అర్రబ్యాతా, అంటే 'కోపంగా ఉన్నది' అని. టమాటా సాస్‌లో ఎండుమిర్చి కారం. ఆ టమాటా, ఆ మిర్చి రెండూ కొలంబస్ ప్రయాణాల తర్వాత అమెరికా ఖండాల నుంచి ఇటలీకి వెళ్లినవే, మనకు వచ్చినవే. టమాటా పప్పు, టమాటా సాస్, రెండూ అంత పాతవి కావని మీ సోషల్ స్టడీస్ విద్యార్థికి చెప్పి చూడండి.

పచ్చ చుక్క ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మెనూలో వంట పేరు పక్కన చదరంలో పచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమ రంగు త్రిభుజం ఉంటే మాంసాహారం. గుడ్డు ఉన్న వంటకు కూడా మాంసాహార గుర్తే ఉండాలి. ఇంతవరకు అందరికీ తెలుసు. అయితే ఇటాలియన్ వంటలో ఈ గుర్తు కాకుండా ఇంకా కొన్ని ప్రశ్నలు అడగాల్సి వస్తుంది.

మొదటిది చీజ్. పాలను విరిచి గట్టిపరచడానికి రెన్నెట్ అనే పదార్థం వాడతారు. ఇటలీలో సంప్రదాయ పర్మిజానో రెజ్జానో చీజ్‌కు వాడేది పాలు తాగే దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్. మన దేశంలో తయారయ్యే మొజరెల్లా, ఇతర చీజ్‌లకు ఎక్కువగా సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. కచ్చితంగా శాకాహారం పాటించే కుటుంబమైతే, పైన తురిమి చల్లే చీజ్ ఏదో, ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉందో లేదో అడగండి. కిచెన్‌లోకి వెళ్లి చూసి చెప్పమనడం కస్టమర్ హక్కే.

రెండోది స్టాకు, డ్రెస్సింగ్. కూరగాయల సూప్ మినెస్ట్రోనెలోనూ, పుట్టగొడుగుల రిసోత్తోలోనూ కొన్ని వంటశాలలు చికెన్ స్టాకు పోస్తాయి. సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో ఆంచోవీ అనే చిన్న చేపలు, గుడ్డు ఉండటం మామూలు. "చికెన్ ముక్కలు తీసేసి సీజర్ సలాడ్ ఇవ్వండి" అంటే అది శాకాహారం అయిపోదు. తాజాగా ఇంట్లోనే చేసిన పాస్తా అని గొప్పగా రాసి ఉంటే, ఆ పిండిలో గుడ్డు కలిపారేమో అడగాలి. ప్యాకెట్‌లో వచ్చే ఎండు పాస్తాలో సాధారణంగా గుడ్డు ఉండదు.

మూడోది స్వీట్లు. పన్నా కోత్తా క్రీమ్‌ను గట్టిపరిచేది జెలటిన్, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది. చైనా గ్రాస్ వాడి శాకాహారంగా చేసే చోట్లు మన దగ్గర ఉన్నాయి. తిరమిసు అసలు పద్ధతిలో పచ్చి గుడ్డు సొనతో, కాఫీతో, తరచూ మర్సాలా వైన్‌తోనో రమ్‌తోనో చేస్తారు. దాని పక్కన పచ్చ చుక్క ఉంటే గుడ్డు లేదని అర్థం. మద్యం లేదని మాత్రం కాదు. ఆ గుర్తుకు మద్యంతో సంబంధం లేదు. సాస్‌లో పోసిన వైన్ కూడా ఉడికితే మొత్తం ఆవిరైపోతుందని చాలామంది అనుకుంటారు, కానీ కొంత మిగులుతుంది. పిల్లల కోసం అయితే "ఇందులో ఆల్కహాల్ ఉందా, కాఫీ ఎంత ఉంది" అని విడిగా అడగండి. రాత్రి తొమ్మిదింటికి కాఫీలో నానిన తిరమిసు తిని, పదకొండింటి దాకా నిద్రపోని రెండో తరగతి బాబు మర్నాడు ఎలా ఉంటాడో మీకే తెలుసు. జెలాతో తీసుకుంటే ఈ గొడవ తక్కువ. అయితే కొన్ని రుచుల్లో గుడ్డు, చాలా రుచుల్లో గింజలు ఉంటాయి.

గింజల దగ్గరికే వద్దాం, ఎందుకంటే అన్నిటికన్నా ప్రమాదం ఇక్కడే ఉంది. పెస్తో సాస్ జెనోవా నగరం వంట. బేసిల్, వెల్లుల్లి, ఆలివ్ నూనె, చీజ్, పైన్ గింజలు కలిపి నూరుతారు. పైన్ గింజలు చాలా ఖరీదు కాబట్టి మన దగ్గర జీడిపప్పో, అక్రోటో వేస్తారు. మెనూలో మాత్రం 'పెస్తో' అని ఒక్క మాటే ఉండొచ్చు. పచ్చగా కొత్తిమీర పచ్చడిలా కనిపించే ఆ సాస్‌లో జీడిపప్పు ఉంటుందని ఎవరికీ తట్టదు. మీ పాపకు జీడిపప్పు, వేరుశెనగ, పాలు, గుడ్డు, గోధుమ వీటిలో దేనికైనా అలర్జీ ఉంటే కూర్చోగానే, ఆర్డర్ ఇవ్వకముందే చెప్పండి. "కొంచెం పడదు" అని కాదు, "అలర్జీ, ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తుంది" అని చెప్పండి. ఒకే గరిటె, ఒకే పాన్ వాడకుండా విడిగా చేయగలరా అని అడగండి. జవాబు తడబడితే ఆ వంట మానేయడమే మంచిది. డాక్టర్ రాసిన మందులు ఇంట్లో కాదు, మీ బ్యాగులో ఉండాలి. తిన్న కాసేపటికి ఒంటి మీద దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు, ఊపిరి తీసుకోవడంలో ఇబ్బంది కనిపిస్తే బిల్లు గురించి ఆలోచించకుండా దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి.

10 లేదా అంతకన్నా ఎక్కువ శాఖలున్న రెస్టారెంట్లు ప్రతి వంట పక్కన కేలరీలు చూపించాలని, అలర్జీ కలిగించే పదార్థాల సమాచారం ఇవ్వాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది. ఒకే శాఖ ఉన్న చిన్న చోటికి ఇది వర్తించకపోవచ్చు. అప్పుడు అడగడమే మార్గం. చురుకుగా ఉండే సగటు పెద్ద మనిషికి రోజుకు 2000 కిలో కేలరీలు అనే లెక్క కూడా అక్కడే రాసి ఉంటుంది. ఒక్క క్రీమ్ పాస్తా అందులో ఎంత భాగమో పిల్లల్నే శాతం కట్టి చెప్పమనండి.

ఆర్డర్ పిల్లలు ఇవ్వనివ్వండి

ఏం తినాలో, ఏం తినకూడదో మీరు తేల్చాక, చెప్పే పని పిల్లలకు అప్పగించండి. నాలుగో తరగతి దాటిన పిల్లలు ఈ పని చక్కగా చేయగలరు. తెలుగా, హిందీయా, ఇంగ్లిషా అనేది అక్కడ వడ్డించే వాళ్లను బట్టి వాళ్లే తేల్చుకుంటారు. భాష ఏదైనా "అన్నా, ఇందులో జీడిపప్పు ఉందా?" అని కళ్లలోకి చూసి అడగగలగడం ముఖ్యం. అలర్జీ ఉన్న పిల్లలకైతే ఇది సరదా కాదు, తప్పనిసరి అభ్యాసం. రేపు స్నేహితుడి పుట్టినరోజు పార్టీలో మీరు పక్కన ఉండరు. వడ్డించేవాళ్లను చిటికె వేసి పిలవడం, "ఏయ్" అనడం మీరు చేస్తే పిల్లలూ చేస్తారు. అంతకన్నా చెప్పక్కర్లేదు.

ఎంత చెప్పాలనే దగ్గర గణితం పనికొస్తుంది. 7 అంగుళాల పిజ్జా వైశాల్యం సుమారు 38.5 చదరపు అంగుళాలు. 10 అంగుళాలది సుమారు 78.5. అంటే ఒక్క 10 అంగుళాల పిజ్జా రెండు 7 అంగుళాల పిజ్జాల కన్నా కొంచెం పెద్దదే. ధర చూస్తే రెండు చిన్నవాటి కన్నా ఒక పెద్దది తక్కువ కావచ్చు. వృత్త వైశాల్యం పాఠం చదివిన పిల్లలకు ఈ ప్రశ్న వేయండి. జవాబు తినగలిగే లెక్క అరుదు. ఇటలీలో పాస్తా మొదటి వరుస మాత్రమే, చిన్న ప్లేటు, ఆ తర్వాత మాంసమో చేపో వస్తుంది. ఇక్కడ ఒక పాస్తా ప్లేటే పూర్తి భోజనం. నలుగురికి ముందుగా రెండు పాస్తాలు, ఒక పిజ్జా చెప్పి, చాలకపోతే మళ్లీ చెప్పుకోవచ్చు.

బిల్లు వచ్చాక

మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం. కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర అని విడదీసి చూపిస్తారు. పెద్ద స్టార్ హోటల్ లోపల ఉన్న రెస్టారెంట్ అయితే 18 శాతం కావచ్చు. సర్వీస్ చార్జి వేరు. అది పన్ను కాదు, ప్రభుత్వానికి వెళ్లదు. దాన్ని బిల్లులో తనంతట తానుగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. 2000 రూపాయల భోజనానికి 5 శాతం జీఎస్టీతో 2100 అవ్వాలి. 10 శాతం సర్వీస్ చార్జి కలిపి, దానిమీద కూడా జీఎస్టీ వేస్తే 2310 అవుతుంది. ఆ 210 మీ ఇష్టం. సేవ నచ్చితే వడ్డించిన వాళ్లకు నేరుగా టిప్పు ఇవ్వొచ్చు. వద్దంటే తీసేయమని మర్యాదగా అడగండి, తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. పిల్లల ముందు గొంతు పెంచాల్సిన అవసరం లేదు. నీళ్ల సీసా తెచ్చి మూత తీసే ముందే "మామూలు ఫిల్టర్ నీళ్లు చాలు" అని చెప్పండి. బిల్లు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉండాలి, ఒకసారి చూడండి.

మిగిలింది ప్యాక్ చేయించుకుంటే ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి, కారులో రెండు గంటలు ఉంచకండి. పిజ్జాను మైక్రోవేవ్‌లో కన్నా పెనం మీద సన్నని సెగన, మూత పెట్టి వేడి చేస్తే అడుగు కరకరలాడుతుంది. క్రీమ్ పాస్తాను మాత్రం మర్నాడు స్కూల్ లంచ్ బాక్స్‌లో పెట్టకండి. ఉదయం ఏడింటికి సర్దిన బాక్సు మధ్యాహ్నం దాకా బ్యాగులోనే ఉంటుంది, క్రీమ్ అంతసేపు నిలవదు. పెస్తో కూడా వద్దు. పక్క బెంచీలో కూర్చునే పాపకు జీడిపప్పు పడకపోవచ్చు, మన పిల్లలు బాక్సులు పంచుకుని తింటారు.